ఫార్మసీ విద్య – పల్లె ఆరోగ్యము

శ్రీకాకుళము జిల్లాలోని పర్వతాలపేటలో 1863లో జన్మించి, సవరల భాషకు వ్యాకరణమును నిఘంటువును సమకూర్చిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారికి వినికిడి యెట్లు పోయెనో మన ప్రాంతపు పెద్దలు నేటికిని చెప్పుకొందురు. సవరభాష నేర్చుటకై కొండపల్లెలు తిరుగుచుండగా పంతులుగారికి మన్యపుజ్వరము తగిలెను. దానికి విఱుగుడుగా క్వినైను సేవించిరి. ప్రాణము దక్కినది, చెవులు పోయినవి. ఒక్క మందే ఒక్క శరీరమున రక్షకమును భక్షకమును అయ్యెను. క్వినైను మితి మీఱినచో చెవులలో హోరు పుట్టి వినికిడి చెడునని నేడు ఫార్మసీ చదువు ప్రతి విద్యార్థియు పాఠపుస్తకమున చదువుచున్నాడు. అతడు చదివిన యా మాట, మందు పుచ్చుకొను మనుష్యుని చెవిని పడుచున్నదా యన్నదే నేటి మా ప్రశ్న.

ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడి, ఈఏపీసెట్ ర్యాంకులు చేతికి వచ్చిన దినములలో శ్రీకాకుళ విజయనగర జిల్లాల గృహస్థుల యిండ్లలో ఒకటే సంభాషణ నడచుచుండును. వైద్యకళాశాలలో సీటు రాని బిడ్డను ఎందు చేర్చవలెను? “ఫార్మసీలో చేర్పింతము. ఎప్పటికైనను మందుల దుకాణము పెట్టుకొనవచ్చును, లేకున్న పైడిభీమవరములో ఉద్యోగమైనను దొరకును” అని తండ్రి యనును. బంధువులు ఔననెదరు. బిడ్డ చేరును. నాలుగేండ్లు గడచును, పట్టము వచ్చును. ఆ నాలుగేండ్లలో ఆ బిడ్డ నేర్చిన దేమి, నేర్వకపోయిన దేమి అను విచారణ మాత్రము ఏ యింటను జరుగదు. ఎకరము భూమి కొనునపుడు హద్దులు, నీటివసతి, పాసుపుస్తకము మున్నగువాని నన్నిటిని పదిమార్లు విచారించు మనము, చదువు కొనునపుడు పట్టము పేరొక్కటియే విచారింతుము. ఈ యుదాసీనత యింటివారికి నష్టము. ఊరివారికి అంతకంటె నష్టము. కనుకనే ఈ విద్యాక్రమమును గూర్చి పాఠకమహాశయులతో కొంత విపులముగా ముచ్చటింప దలచితిమి.

మన దేశమున ఈ విద్య చిరకాలపుది కాదు. ప్రాచీనవైద్యమున వైద్యుడే మూలిక నెఱుగువాడు, వైద్యుడే కషాయము కాచువాడు. పాశ్చాత్యవైద్యము వచ్చిన పిమ్మట చీటీ వ్రాయుట డాక్టరు పని, మందు కలిపి యిచ్చుట కాంపౌండరు పని యను విభజన యేర్పడెను. ఆ కాంపౌండరునకు చదువెంత, పరీక్ష యేమి యని విచారించిన నాథుడు లేడు. విదేశములనుండి వచ్చు మందులలో సత్తువ యున్నదో లేదో చూచు వ్యవస్థయు లేదు. కల్తీ క్వినైను కథ దేశమంతట మాఱుమ్రోగగా, 1930లో ప్రభుత్వము కర్నల్ రామనాథ చోప్రాగారి యధ్యక్షతన విచారణసంఘము నొకదానిని నియమించెను. 1931లో ఆ సంఘము సమర్పించిన నివేదికయే మన ఔషధచట్టములకును ఫార్మసీవిద్యకును మూలము. మందుల తయారీని, అమ్మకమును శాసించు చట్టము కావలెననియు, ఈ వృత్తికి తగిన చదువు కావలెననియు వారు స్పష్టముగా చెప్పిరి.

ప్రభుత్వము మేల్కొనుటకు ముందే జాతీయవిద్యాలయము మేల్కొనెను. పండిత మదనమోహన మాలవ్యాగారి కాశీ హిందూ విశ్వవిద్యాలయమున 1932లో మహాదేవలాల్ ష్రాఫ్‌గారు ఔషధరసాయనశాస్త్ర బోధన మారంభించి, 1937 నాటికి దానిని ప్రత్యేకమగు బి.ఫార్మసీ పట్టముగా రూపొందించిరి. 1940లో ఔషధచట్టము వచ్చెను. స్వరాజ్యము సిద్ధించిన మఱుసటి యేటనే, 1948 మార్చి 4వ తేదీన, ఫార్మసీ చట్టము పుట్టెను. 1949లో భారత ఫార్మసీ కౌన్సిలు ఏర్పడెను. 1951లో మన ఆంధ్రవిశ్వవిద్యాలయము వాల్తేరున ఫార్మసీశాఖను నెలకొల్పెను. స్వతంత్రభారతము తన తొలి కర్తవ్యములలో ఒకటిగా దీనిని ఎంచుకొనుట యాదృచ్ఛికము కాదు. పరాయివాని మందు పరాయివాని మాటపై మ్రింగు జాతికి స్వాతంత్ర్యము సగమే యని ఆనాటి పెద్దలెఱుగుదురు. తెనుగు పత్రికారంగమునకును ఈ విషయమునకును చుట్టఱికము లేకపోలేదు. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆరంభించిన అమృతాంజనమే పిమ్మట ఆంధ్రపత్రికకు అన్నము పెట్టినది. ఒక తలనొప్పిమందు ఒక జాతికి వాక్కు నిచ్చినదనిన అతిశయోక్తి కానేరదు.

ఇక విద్యాక్రమమును చూతము. ఫార్మసీ కౌన్సిలువారు 2014లో రూపొందించిన నిబంధనలను బట్టి బి.ఫార్మసీ నాలుగేండ్ల చదువు, ఎనిమిది సెమిస్టరులు. కొన్నేండ్లుగా పట్టభద్రులు వెలువడుచున్నది ఈ క్రమము నుండియే. తొలియేట శరీరనిర్మాణము, శరీరధర్మశాస్త్రము, నిరింద్రియ సేంద్రియ రసాయనశాస్త్రములు, జీవరసాయనము, రోగోత్పత్తిశాస్త్రము బోధింతురు. రెండవయేట సూక్ష్మజీవశాస్త్రము, ఔషధోత్పత్తికి వలయు యంత్రశాస్త్రము, ఔషధరసాయనము, మందు శరీరమున చేయు పనిని తెలుపు ఫార్మకాలజీ, మూలికలను తెలుపు ఫార్మకోగ్నసీ మొదలగును. మూడవయేట బిళ్ళలు, సిరపులు, సూదిమందులు తయారుచేయు విధానము, ఔషధచట్టములు, గుణనిర్ణయము, జీవసాంకేతికశాస్త్రము వచ్చును. నాల్గవయేట యంత్రములతో మందును శోధించు పద్ధతులు, గణాంకశాస్త్రము, సామాజిక నివారక ఫార్మసీ, కడపట నొక ప్రాజెక్టు. ఇది స్వల్పమైన చదువు కాదు. శ్రద్ధతో చదివినవానికి రసాయనశాస్త్రజ్ఞుని బుద్ధియు, వైద్యుని చూపును కొంతకొంత అలవడును. విజయనగరము ఫూల్‌బాగ్‌లో మాన్సాస్ సంస్థవారి మహారాజా ఫార్మసీ కళాశాలయందును, ఎచ్చెర్ల ప్రాంతమున వెలసిన కళాశాలల యందును మన పిల్లలు చదువుచున్న దిదియే.

పాఠక్రమమును నిందించుటకు మేము పూనుకొనలేదు. దాని యందొక లోటున్నది; ఆ లోటు చిన్నది కాదు. ఇన్ని శాస్త్రములు నేర్పిన యీ క్రమమున రోగి యెచ్చట నున్నాడు? మందుల దుకాణములోను ఆసుపత్రిలోను ఫార్మసిస్టు చేయవలసిన పనిని తెలుపు ‘ఫార్మసీ ప్రాక్టీసు’ అను పాఠము ఏడవ సెమిస్టరున గాని రాదు. వచ్చినను అది ఉపన్యాసరూపమున మాత్రమే. దానికి ప్రయోగశాల లేదు. ఏడవ సెమిస్టరున 150 గంటల ‘ప్రాక్టీసు స్కూలు’ ఒకటి కలదు. ఆఱవ సెమిస్టరు పిమ్మట నాలుగు వారములలో 150 గంటలు కర్మాగారమునందో ఆసుపత్రియందో శిక్షణ పొందుట అభిలషణీయ మని వ్రాసిరి. అభిలషణీయము! ఈ పదమునకు ఆచరణలో నర్థ మేమో కళాశాలల తీరు నెఱిగినవారికి వేఱుగ చెప్ప నక్కఱలేదు. సెలవులలో ఒక ధ్రువపత్రము తెచ్చి కార్యాలయమున దాఖలు చేయుటతో ఆ యభిలాష తీఱిపోవుచున్నది.

ఇందొక వింత కలదు. రెండేండ్ల డి.ఫార్మసీ డిప్లొమా చదివిన విద్యార్థి మూడు నెలలకు తక్కువ కాకుండ 500 గంటలు ఆసుపత్రిలోనో మందుల దుకాణములోనో ప్రత్యక్షశిక్షణ పొందినగాని ఫార్మసిస్టుగా నమోదు కానేరడు. నాలుగేండ్లు చదివిన పట్టభద్రునికి ఆ నియమము లేదు. ఇరువురి పేర్లును ఒకే పట్టికలో నెక్కును. ఇరువురికిని ఒకే హక్కు. ఎక్కువ చదివినవానికి రోగి యెదుట నిలుచు అభ్యాసము తక్కువ! రోగుల పడకకడ నిలచి పనిచేయు ఫార్మసిస్టులను తయారుచేయుటకై 2008లో ఫార్మ్.డి. అను ఆఱేండ్ల చదువును నెలకొల్పిరి. అందు కడపటి సంవత్సరము ఆసుపత్రిలోనే గడచును. అది మంచిపనియే. కాని రణస్థలము సంతకో, కంచిలి బజారుకో, గుమ్మలక్ష్మీపురము గిరిజనపల్లెలకో ఆఱేండ్లు చదివిన ఫార్మ్.డి. పట్టభద్రుడు ఎన్నడు దిగివచ్చును? అచ్చట నిలువవలసినవాడు బి.ఫార్మసీ చదివినవాడే, డిప్లొమా చదివినవాడే.

ఈ లోటు కాగితముమీది లోటు కాదనుటకు దూరము పోనక్కఱలేదు. ఉద్దానము చాలును. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలములలో కొబ్బరితోటల నీడను, జీడితోటల నడుమను మూత్రపిండముల వ్యాధి యిల్లిల్లు దూఱినది. దానికి కారణ మిదియని శాస్త్రజ్ఞులు ఇంకను నిర్ధారించలేదు. త్రాగునీరా, ఎండలో పనివలన కలుగు శోషయా, పురుగుమందులా, ఇవి యన్నియు కలిసియా యని పరిశోధనలు సాగినవి, సాగుచున్నవి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రియు పరిశోధనకేంద్రమును ఆరంభమైనవి. కారణము దొరకనిండు, దొరకకపోనిండు. నొప్పిబిళ్ళలు మూత్రపిండములకు చేటు చేయునను విషయమున శాస్త్రమునకు సందేహము లేదు.

అది యెట్లో సంగ్రహముగా చెప్పెదము. ఎండలో చెమటోడ్చి పనిచేయువాని శరీరమున నీరు తగ్గును. అట్టి సమయమున మూత్రపిండములకు పోవు రక్తము తగ్గకుండ, శరీరము ప్రోస్టాగ్లాండిను లను పదార్థములను పుట్టించి, అచ్చటి రక్తనాళములను తెఱచి యుంచును. డైక్లోఫినాక్ వంటి నొప్పిమందులు ఆ పదార్థములు పుట్టకుండ అడ్డుకొనును. నొప్పి తగ్గును, దానితోబాటు మూత్రపిండమునకు పోవు రక్తమును తగ్గును. ఒకనాడు పుచ్చుకొన్న బలవంతునకు ఇది పెద్ద కీడు కాకపోవచ్చును. నిత్యము ఎండలో పనిచేయుచు, నీరు చాలక, ఇదివఱకే మూత్రపిండములు బలహీనపడినవాడు నెలల తరబడి మ్రింగినచో ఏమగును? బి.ఫార్మసీ విద్యార్థి నాల్గవ సెమిస్టరున ఈ మందు నిర్మాణమును గీయును. ఐదవ సెమిస్టరున దాని చర్యను వర్ణించును. ఉద్దానమున కూలికి పోవు మనుష్యుని యెదుట నిలిచి ఈ మాటను అతనికి తెలియు తెనుగున చెప్పుట మాత్రము ఏ సెమిస్టరునను నేర్వడు.

గత వేసవిలో ఆ ప్రాంతపు బజారున, పే రనవసరమైన యొక మందుల దుకాణమున, మేము కన్నులార చూచిన దృశ్య మొకటి కలదు. అరువదేండ్లు దాటిన యొక వృద్ధురాలు కొంగుముడి విప్పుచు, “బాబూ, నడుం నొప్పి బిళ్లలు పది ఇయ్యి. నిన్న పనికి ఎల్లనేకపోనాను” అనినది. “ఏటి మామ్మా, మొన్నటి రకమేనా?” అని కుఱ్ఱవాడు మాఱుమాట లేక అట్టనుండి పది బిళ్ళలు కత్తిరించి చేతిలో పెట్టెను. ఆమె పరగడుపున మ్రింగుచున్నదా, నీరు త్రాగుచున్నదా, కాళ్లు వాచినవా, రక్తపరీక్ష యెన్నడైన చేయించుకొన్నదా యను ప్రశ్న లేవియు లేవు. ఆ బాలుని యందు దోషము లేదు. అతడు పదవ తరగతి చదివి జీతమునకు కుదిరినవాడు. గోడమీద అద్దపుచట్రములో ఫార్మసిస్టు ధ్రువపత్రము వ్రేలాడుచున్నది. ఆ ఫార్మసిస్టు ఎచ్చట నని మేమడిగితిమి. “ఆయన హైదరాబాదులో ఉద్యోగం చేస్తారండి” అని సమాధానము వచ్చినది.

ఇది ఒక్క దుకాణపు కథ కాదని పాఠకులెఱుగుదురు. నమోదైన ఫార్మసిస్టు తప్ప అన్యుడు చీటీమందు కలిపి యీయరాదని 1948 నాటి చట్టము 42వ సెక్షనున శాసించినది. చీటీమందులు ఫార్మసిస్టు పర్యవేక్షణముననే అమ్మవలెనని ఔషధనియమములు చెప్పుచున్నవి. డైక్లోఫినాక్ షెడ్యూల్ హెచ్ లోనిది. వైద్యుని చీటీ లేక యీయరానిది. కొన్ని ముఖ్యమైన యాంటిబయాటిక్కులను 2014 మార్చి 1 నుండి షెడ్యూల్ హెచ్1 అను కట్టుదిట్టమైన పట్టికలో చేర్చి, ఎవరి కమ్మితిరో వ్రాసి మూడేండ్లు భద్రపఱచవలెనని విధించిరి. 2015లో కౌన్సిలువారు ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు చేసి, మందును గూర్చి రోగికి తెలియజెప్పుట ఫార్మసిస్టు ధర్మమని ప్రకటించిరి. శాసనములకు కొఱత లేదు. శాసనము చెప్పిన మనిషి దుకాణములో లేడు. అతని పత్రము మాత్రము అద్దెకు కుదిరి గోడ నంటియున్నది. దేవుడు లేని గుడిలో విగ్రహమునకు మాఱు చిత్తరువును వ్రేలాడదీసిన చందమున నున్నది మన వ్యవస్థ.

“మందు లమ్ముటయే ఫార్మసిస్టు పనియా? మా వాడు కర్మాగారమున చేరును” అని కొందఱనవచ్చును. మంచిదే. కర్మాగారమునందును ఈ విద్యకు ప్రాణములతోడనే సంబంధము. రణస్థలము మండలమున పైడిభీమవరమున డాక్టర్ రెడ్డీసు, అరబిందో మొదలగు సంస్థల కర్మాగారములు వెలసినవి. మందుల మూలద్రవ్యము లచ్చట తయారై ఖండాంతరములకు పోవుచున్నవి. దక్షిణమున పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురము ఉన్నవి. మన రెండు జిల్లాల పిల్లలు వేకువనే బస్సులెక్కి యచ్చటికి పోవుచున్నారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురములోని యొక మందుల కర్మాగారమున ద్రావకపు ఆవిరి లీకై ప్రేలుడు సంభవించి 17 మంది ప్రాణములు కోల్పోయిరి. ద్రావకము మండు స్వభావమును పుస్తకమున చదువుట వేఱు; గొట్టము కీలుకడ తడిని చూచి యంత్రము నాపించు ధైర్యము వేఱు. రెండవది తరగతిగదిలో అలవడునది కాదు.

తయారైన మందు సంగతియు నట్టిదే. 1937లో అమెరికాలో డైఇథిలీన్ గ్లైకాల్ అను విషద్రావకముతో చేసిన సల్ఫా సిరపు త్రాగి నూఱుమందికి పైగా చనిపోయిరి. అందు పిల్లలు పెక్కురు. ఆ దుఃఖము నుండియే ఆ దేశమున 1938 నాటి కఠినమైన ఔషధచట్టము పుట్టెను. దాదాపు తొంబదియేండ్ల నాటి యీ పాఠమును మనము నేర్చితిమా? 2022లో గాంబియాదేశమున సుమారు 70 మంది పసివాండ్ర మరణములకు భారతదేశమున తయారైన దగ్గుమందులతో ముడిపడిన హెచ్చరికను ప్రపంచ ఆరోగ్యసంస్థ వెలువరించెను. 2025లో మధ్యప్రదేశమున ఛింద్వాడా ప్రాంతమున దగ్గుమందు త్రాగి ఇరువదిమందికి పైగా పిల్లలు మూత్రపిండములు చెడి కన్నుమూసిరి. మందులో దొరకినది మరల ఆ విషమే. తెచ్చిన ద్రావకమును వాడుటకు ముందు శోధింపవలెను. శోధించు పద్ధతి మన పట్టభద్రులు ఏడవ సెమిస్టరున చదువునట్టిదే. విద్య లేక జరిగిన ఘోరములు కావివి. ‘ఈ పీపాను నేను పరీక్షించువఱకు వాడరాదు’ అని యజమానితో చెప్పగల వెన్నెముక లేక జరిగినవి. వృత్తిధర్మమును కడపటి పాఠముగా గాక మొదటి పాఠముగా నేర్పినగాని ఆ వెన్నెముక రాదు.

ఇక మనకున్న సంపద సంగతి. సీతంపేట, పార్వతీపురము కొండలలో కరక్కాయ, ముసిడిగింజ, చిల్లగింజ, తేనె మొదలగునవి సవరలు, జాతాపులు సేకరించి తెత్తురు. విశాఖపట్టణము కేంద్రముగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వానిని కొనుచున్నది. ముసిడిగింజలో స్ట్రిక్నిను అను ఘోరవిషమున్నదని ఫార్మకోగ్నసీ విద్యార్థి యెఱుగును. ఆ చెట్టు మాత్ర మెన్నడు చూడలేదు. చెట్టు నెఱిగిన సవరకు స్ట్రిక్ను పేరు తెలియదు. ఈ యిరువురిని కలుపుటకు వాల్తేరునకు పోనక్కఱలేదు. ఎచ్చెర్లనుండియో విజయనగరమునుండియో ఒక పగటి ప్రయాణము చాలును. విషమును యుక్తితో వాడిన ఔషధమగుననియు, ఔషధమును అయుక్తితో వాడిన విషమగుననియు ఎఱిగిన ప్రాచీనుల సంతతి మనది. ఆ యుక్తియే ఫార్మసీ.

బోదకాలు మన తీరప్రాంతపు పాతశత్రువు. దానిపై నేడు ఇంటింట పంచు డైఇథైల్‌కార్బమజీను అను బిళ్ళను 1947లో లోకమునకిచ్చిన పరిశోధకబృందమునకు నాయకుడు తెనుగువాడు. 1895లో భీమవరమున పుట్టి, మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున ఆంగ్లేయుడగు ఆచార్యుని యాగ్రహమునకు గుఱియై, ఎం.బి.బి.యస్.కు మాఱుగా తక్కువ పట్టముతో బయటపడిన యల్లాప్రగడ సుబ్బారావుగారే ఆయన. 1922లో అమెరికా చేరి, 1948లో మరణించువఱకు ప్రయోగశాలనే యాశ్రమముగా చేసికొనిరి. ఆఱవ సెమిస్టరున మన విద్యార్థి ఆ మందు సంయోగవిధానమును కంఠస్థము చేయును. దాని వెనుక నున్న తెనుగువాని పేరును, దాని ముందు నిలిచిన శ్రీకాకుళపు రోగి కాలును అతనికి చూపు గురువు లున్నారా? ఆ రెండును చూపినచో ఆ సూత్రమును జన్మలో మఱవడు.

మా వాదమునకు వచ్చు ఆక్షేపణల నెఱుగుదుము. మొదటిది: పల్లెలో దుకాణదారుడు పట్టభద్రునకు జీత మీయలేడు. ఇందు సత్యము కొంత కలదు. దినమునకు స్వల్పముగా అమ్మకముండు దుకాణము ఉద్యోగిని భరింపజాలదు. కాని పట్టభద్రుడే దుకాణదారు డగుటకు అడ్డేమి? పత్రము అద్దెకిచ్చి నెలకు కొంత సొమ్ము పుచ్చుకొనుటకంటె అదే పత్రముతో తన యూర దుకాణము తెఱచుట గౌరవమును లాభమును గాదా? రెండవది: నాలుగేండ్లు చదివి కౌంటరు వెనుక నిలుచుట నామోషీ. ఈ మాట మా చెవులకు చేదు. రోగి చేతికి మందు అందుచోట నిలుచుట నామోషీ యగునా? వైద్యుడు రోగి నాడి పట్టుట నామోషీ కాదు గదా! చీటీలోని పొరపాటును కనిపెట్టి వైద్యునకు తెలుపువాడు, పొసగని రెండు మందులను వేఱుచేయువాడు, వ్యాధి బిళ్ళకు లొంగునదా ఆసుపత్రికి పోవలసినదా యని గ్రహించి పంపువాడు చిల్లరవర్తకుడు కాడు. మూడవది: ఫార్మసిస్టు కఠినముగా నున్నచో కూలివానికి ఆ పూట నొప్పి యెట్లు తీఱును? ఇది సరియైన ప్రశ్న. మందు నిరాకరించి మొగము త్రిప్పుకొనుమని మేము చెప్పుట లేదు. వైద్యు డెచ్చట దొరకునో చెప్పి, రక్తపరీక్షకు పంపి, అంతవఱకు హాని తక్కువగల యుపాయమును తెలుపుటయే అతని విద్య. ఆ విద్యనే నేర్పుడని మా ప్రార్థన.

కాబట్టి మేము కోరున దిది. ఒకటి: బి.ఫార్మసీ పట్టమునకు డిప్లొమాకు విధించినట్లే 500 గంటలకు తక్కువ కాని ప్రత్యక్షశిక్షణమును విధిగా చేయవలెను. అదియు కడపటి యేట గాక రెండవ యేటనుండియే ఆరంభము కావలెను. తావులకు కొదువ లేదు. శ్రీకాకుళమునను విజయనగరమునను ప్రభుత్వ వైద్యకళాశాలలున్నవి, నెల్లిమర్లలో మహారాజా వైద్యవిజ్ఞానసంస్థ యున్నది, టెక్కలి, పార్వతీపురము ఆసుపత్రులున్నవి, పలాస యున్నది. రెండు: మొదటి సెమిస్టరునందలి సంభాషణనైపుణ్యపు పాఠము ఆంగ్లముతో నాగిపోరాదు. రోగితో తెనుగున, మన ప్రాంతపు మాటలలో మాటాడుట నేర్పవలెను. ఇచ్ఛాపురము దిక్కున ఒడియాయు, సీతంపేట దిక్కున సవరభాషయు నాలుగు మాటలైన రావలెను. గ్రాంథికమున వ్రాయు మేమే ఈ మాట చెప్పుట పంతులుగారు వినియున్నచో నవ్వుకొందురు. ఐనను రోగి యెదుట ఆయన పక్షమే మా పక్షము. మూడు: ఎనిమిదవ సెమిస్టరు ప్రాజెక్టులు ఎవరో వ్రాసినదానిని నకలు తీయుటగా గాక, ఉద్దానపు గ్రామమున ఎవరెవ రే మందులు ఎంతకాలముగా వాడుచున్నారో లెక్కకట్టుటగా నుండవలెను. మందులవలని కీడులను నమోదుచేయు జాతీయకార్యక్రమము 2010 నుండి నడచుచున్నది. మన కళాశాలల విద్యార్థులు దానికి కన్నులు కావలెను. నాలుగు: అద్దెపత్రముల నాటకమును ఔషధతనిఖీ శాఖవారు అంతము చేయవలెను. ఇది చేయనంతవఱకు పై మూడును వ్యర్థము.

ప్రభుత్వమును కౌన్సిలును చెప్పి యూరకుండుట మాకు సమ్మతము కాదు. మన చేతిలో నున్నదియు కలదు. దుకాణపు గది అద్దెకిచ్చు గృహస్థులారా! ఫార్మసిస్టు కూర్చుండునా యని ఒడంబడికకు ముందడుగుడు. బిడ్డను చదివించు తండ్రులారా! పట్టము చేతికి వచ్చిన నాడు ఆ పత్రమును నెలజీతమునకు గోడ కెక్కించు బేరము మీ యింట జరుగనీయకుడు. ఆ పత్రము మీ పొలముపట్టా వంటిది కాదు. దానివెంట ఒక మనిషి నిలువవలెను. తోటల యజమానులారా! మీ కూలివాండ్రకు ఎండవేళ త్రాగునీరును నీడయు కల్పింపుడు. నొప్పిబిళ్ళల డబ్బా తెచ్చి పంచుట దయ కాదు. పురజనులారా! మందు కొన్నపుడు రసీదు అడుగుడు; ఫార్మసిస్టు ఎవరని అడుగుడు. పదిమంది యడిగిన మఱునాడు దుకాణదారుడు తానే వెదకుకొని ఫార్మసిస్టును తెచ్చును.

పంతులుగారికి క్వినైను ఇచ్చిన నాడు దాని కీడును చెప్పి మోతాదును కనిపెట్టి యుండు శాస్త్రజ్ఞుడు మన్యమున లేడు. లేడని ఆనాటివారిని నిందింప పనిలేదు. నేడు మన రెండు జిల్లాలలో ఏటేట చదివి వెలువడుచున్నారు. చదివినవాడు హైదరాబాదునను, అతని పత్రము పల్లెగోడమీదను, ముసలమ్మ చేతిలో పది బిళ్ళలును ఉన్నంతవఱకు ఈ విద్యకై వెచ్చించిన సొమ్మును కాలమును ప్రజలకు చెందినవని చెప్పుకొనలేము. ఆ ముసలమ్మ మరల దుకాణమునకు వచ్చును. ఆనాటికి కౌంటరు వెనుక నెవరుందురో నిర్ణయింపవలసినవారము మనమే.